నీడపట్టున నిలబడి చూసే ఎండ

అడవి బొమ్మ కనబడగానే చాలామంది నోట వచ్చే మెప్పు ‘అచ్చం ఫొటోలా ఉంది’ అని. ఆకూ ఆకూ విడివిడిగా కనిపిస్తే చాలు, గీసినవాడు గొప్పవాడైపోతాడు. ఆ లెక్కన ఆర్ఖిప్ కుయింజీ వేసిన ‘బర్చ్ చెట్ల తోపు’కు పాసు మార్కులైనా రావు.

1879 నాటి ఆ తైలవర్ణ చిత్రం మాస్కోలోని ట్రెత్యాకోవ్ గ్యాలరీలో ఉంది. అందులో ఆకులు లెక్కపెట్టబోతే దొరకవు, ముద్దలు ముద్దలుగా పచ్చదనమే. తెల్లబెరడు చెట్ల తలలను పైఅంచు నిర్మొహమాటంగా కోసేసింది. ముందు భాగమంతా చిక్కటి నీడ. అది దాటగానే పచ్చిక మీద ఫెళ్లున కాసే ఎండ. నడుమ నాచు తేలే సన్నటి వాగు, వెనక మళ్లీ ముదురాకుపచ్చ అడవి. చూసేవాణ్ని కుయింజీ తెలివిగా నీడపట్టున నిలబెట్టాడు. అందుకే అంత ఎండను కళ్లారా చూస్తున్నా ఒంటికి చల్లగానే ఉంటుంది.

మరియుపోల్‌లో గ్రీకు కుటుంబంలో పుట్టిన కుయింజీ కొంతకాలం ఫొటోలకు రీటచింగ్ చేసి పొట్టపోసుకున్నాడు. ఫొటోలా ఉండటమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు! రసాయన శాస్త్రవేత్త మెండలీవ్‌తో స్నేహం, కాంతి శాస్త్రం మీద ఆసక్తి కూడా ఉండేవి. అయినా ఆ వెలుగు గిట్టనివాళ్లు లేకపోలేదు. తోటి చిత్రకారుడు మిఖాయిల్ క్లోట్ పేరు దాచుకుని పత్రికలో విమర్శ రాశాడు. సంగతి బయటపడ్డాక, వాళ్లిద్దరూ ఉన్న పెరెద్విజ్నికీ అనే చిత్రకారుల బృందం నుంచే కుయింజీ తప్పుకున్నాడు.

మరి ఆకు ఆకునూ ఓపిగ్గా దిద్దిన ఇవాన్ షిష్కిన్ మాటేమిటి? ఆయన 1891లో వేసిన ‘ఓక్ అడవిలో వాన’ చూడాలి. ఎండపొడ లేదు. బురద దారిలో ఒకే గొడుగు కింద ఇద్దరు నడిచిపోతుంటారు. దూరం వెళ్లేకొద్దీ చెట్లు మంచులో కలిసి పాలిపోతాయి. పనితనాన్ని మెచ్చుకునేలోపే ఆ తడి, ఆ మందకొడి వెలుతురు మనసును పట్టేస్తాయి.

ఇలాంటి బొమ్మల్ని అచ్చువేసేవాళ్లతో, ఫోన్లలో పంచేవాళ్లతో పేచీ అక్కడే. వివరాలు తేటగా కనబడాలని నీడల్ని పలచన చేసేస్తారు. కుయింజీ తోపులో ముందున్న నీడను ఒక్క పిసరు తగ్గిస్తే వెనకున్న ఎండ కాస్తా వెలిసిపోతుంది. బొమ్మ నల్లగా వచ్చిందని పాఠకుడు గొణిగినా సరే, దాన్ని అలాగే వదిలేయాలి.