చెక్ ఇంజన్ లైటు ఆరితే రిపేరు అయిపోయినట్టేనా?

పార్టు మార్చడం వేరు, రిపేరు చెయ్యడం వేరు. ఈ చిన్న ముక్క నా బుర్రకెక్కడానికి ఆరొందల డాలర్లు, రెండు గ్యారేజీలు, ఇండియాకి ఒక ఫోన్ కాలు ఖర్చయ్యాయి. మీలో చాలామంది నాలాగే పొద్దస్తమానం ఎర్రర్ మెసేజీలు చూసుకుంటూ బతికేవాళ్ళే కాబట్టి మీకు ఇంకాస్త చవగ్గా ఎక్కుతుందేమోనని రాస్తున్నా.

2009 నాటి మాట. అమెరికాలో నాకో పాత ఫోర్డ్ టారస్ ఉండేది. 3.0 లీటర్ల వల్కన్ వి6 ఇంజను. 1986లో వచ్చి 2008 దాకా నడిచిన డిజైను, మొండి ఘటం. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే బానెట్ కింద పిచ్చుకలు గూడు పెట్టినట్టు కిచకిచమని చప్పుడు. కొన్నాళ్ళకి చెక్ ఇంజన్ లైటు వెలిగింది. కోడ్ చదివిస్తే పి0340. అంటే క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్.

మొదటి గ్యారేజీ వాడు సెన్సర్ మార్చాడు. రెండు స్క్రూలు, ఒక కనెక్టరు, పావుగంట పని. కోడ్ చెరిపేశాడు, లైటు ఆరింది, 180 డాలర్లు తీసుకున్నాడు. మూడో రోజు లైటు మళ్ళీ వచ్చింది. పిచ్చుకలైతే అసలు వెళ్ళనే లేదు. రెండో గ్యారేజీ వాడు సెన్సర్ కింద ఉండే సింక్రనైజర్ కూడా మార్చి 420 తీసుకున్నాడు. పిచ్చుకలు ఎగిరిపోయాయి. హమ్మయ్య అనుకున్నా. వారం తిరక్కుండా లైటు వెలిగింది, మైలేజీ కూడా తగ్గింది. ఈసారి కోడ్ వేరే: క్యామ్ సిగ్నలూ క్రాంక్ సిగ్నలూ ఒకదానితో ఒకటి కలవట్లేదట. "కొత్త సెన్సర్ డిఫెక్టివ్ అయ్యుంటుంది, ఇంకోటి వేసి చూద్దాం" అన్నాడాయన. వేసి చూద్దాం! డబ్బులు నావి కాబట్టి ఎన్నిసార్లయినా చూడొచ్చు.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. ఆ ఆదివారం ఫోన్లో మాటల మధ్యలో ఈ గోల చెప్పా. ఆయన జన్మలో టారస్ చూడలేదు, ఈ సెన్సర్ పేరు కూడా వినలేదు. అది ఎక్కడుంటుంది, దేంతో తిరుగుతుంది అని రెండు ప్రశ్నలడిగి, "ఒరేయ్, అది డిస్ట్రిబ్యూటర్ లాంటిదేగా! బిగించే ముందు ఒకటో సిలిండరు కంప్రెషన్ మీద పెట్టాడా, ఎగ్జాస్ట్ మీద ఉండగా పెట్టాడా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. గ్యారేజీకి ఫోన్ చేసి అడిగితే, "పాతది ఎలా ఉందో గుర్తు పెట్టుకుని కొత్తది అలాగే దించాం" అన్నారు. అంతే సంగతులు.

నాన్న ప్రశ్నలో ఏముందో చెప్తాను. మనది ఫోర్ స్ట్రోక్ ఇంజను. ఒక సైకిల్ పూర్తయ్యేసరికి క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరుగుతుంది. క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే. ఈ ఫోర్డ్ ఇంజన్లలో క్రాంక్ సెన్సర్ ముందు 36 పళ్ళు ఉండాల్సిన చక్రానికి 35 ఉంటాయి, ఒకటి కావాలనే వదిలేస్తారు. ఆ ఖాళీని బట్టి పిస్టన్ ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలుస్తుంది. కానీ పిస్టన్ పైకి రావడమన్నది ఒక సైకిల్‌లో రెండుసార్లు జరుగుతుంది: ఒకసారి కంప్రెషన్‌లో, ఒకసారి ఎగ్జాస్ట్‌లో. ఏది ఏదో క్రాంక్ సెన్సర్ చెప్పలేదు. గోడ గడియారం పన్నెండు చూపిస్తే మధ్యాహ్నమో అర్ధరాత్రో అది చెప్పగలదా? ఆ ఒక్క బిట్ సమాచారం ఇచ్చేదే క్యామ్ సెన్సర్. ఇప్పుడా సెన్సర్ తిరిగే ఇరుసునే వంకరగా దించితే? సెన్సర్ కొత్తదే, వైర్లు బాగానే ఉన్నాయి, సిగ్నల్ చక్కగా వస్తోంది. కాకపోతే అబద్ధం చెప్తోంది. అలాంటిదానికి ఎన్ని కొత్త సెన్సర్లు బిగిస్తే ఏం లాభం?

దారుణమేంటంటే, ఇంత తప్పులోనూ కారు నడుస్తుంది. ఈ ఇంజన్లో ఒక్కో కాయిల్ రెండు సిలిండర్లకి ఒకేసారి నిప్పు ఇస్తుంది, ఆ టైమింగ్ క్రాంక్ సెన్సర్ చూసుకుంటుంది. క్యామ్ సిగ్నల్ ముఖ్యంగా పెట్రోల్ చిమ్మే వేళ కోసం. అది తప్పితే పెట్రోలు వేళ కాని వేళ పడుతుంది, అంతే. కాబట్టి ఇంజను ఆగదు, ఆగదు కాబట్టి ఎవడూ పట్టించుకోడు. క్రాష్ అయ్యే ప్రోగ్రాం కన్నా తప్పు జవాబుతో హాయిగా నడిచే ప్రోగ్రాం ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పాలా?

ఇంకో సంగతి వింటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. సింక్రనైజర్ ఉండేది పాత డిజైన్లో డిస్ట్రిబ్యూటర్ ఉన్న కన్నంలోనే. దాని కింది కొస ఆయిల్ పంపుని తిప్పుతుంది. ఆ కిచకిచలు లోపలి బుష్ ఎండిపోయి అరిగిపోతోందని అది పెట్టిన మొర. అది పూర్తిగా పట్టేస్తే ఆయిల్ పంపు ఆగుతుంది, ఆ తర్వాత ఇంజను ఎంతోసేపు మిగలదు. మొదటి గ్యారేజీలో పైన మూత లాంటి సెన్సర్ ఒక్కటి మార్చి లైటు ఆర్పారు చూశారూ, అది నిప్పంటుకున్న ఇంట్లో ఫైర్ అలారం బ్యాటరీ పీకెయ్యడం.

చివరికి నేనూ ఒక స్నేహితుడూ వాళ్ళింటి గ్యారేజీలో చేశాం. ఒకటో సిలిండర్ స్పార్క్ ప్లగ్ తీసి ఆ కన్నం మీద బొటనవేలు పెట్టాలి. క్రాంక్ బోల్టుకి పానా వేసి, ఇంజను మామూలుగా తిరిగే వైపే మెల్లగా తిప్పాలి. గాలి వేలిని నెట్టేస్తుంటే అది కంప్రెషన్. నెట్టకుండా పిస్టన్ పైకి వస్తే అది ఎగ్జాస్ట్, ఇంకో చుట్టు తిప్పాలి. కంప్రెషన్ మీద పుల్లీ గుర్తుని సున్నాకి తెచ్చి ఆపాలి. తర్వాత సింక్రనైజర్ తలకి అలైన్‌మెంట్ టూల్ తొడగాలి. అదొక ప్లాస్టిక్ టోపీ లాంటిది, నాకు ముప్పై డాలర్ల లోపే దొరికింది. లోపల తిరిగే రేకుని సరైన చోట పట్టి ఉంచడమే దాని పని. ఇక్కడో తిరకాసు ఉంది. అడుగున ఉన్న గేరు పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. దించుతుంటే ఇరుసు తనంతట తానే కొంచెం తిరుగుతుంది. అందుకని ఆ తిరుగుడు ముందే లెక్కేసుకుని కాస్త వెనకనుంచి మొదలుపెట్టాలి, పూర్తిగా కూర్చున్నాక బాణం మాన్యువల్లో చెప్పిన కోణానికి రావాలి. రాకపోతే పైకి తీసి మళ్ళీ దించాలి. మాకు నాలుగోసారికి వచ్చింది. తర్వాత క్లాంపు బిగించి, టూల్ తీసేసి, సెన్సర్ పెట్టాం. ఆ "డిఫెక్టివ్" సెన్సరే! కారు అమ్మేదాకా ఆ లైటు మళ్ళీ వెలగలేదు.

సరే, అసలు గొడవకి వద్దాం. పి0340 అన్న కోడ్‌లో "సెన్సర్ మార్చుము" అని ఎక్కడుంది? "సర్క్యూట్" అని ఉంది. అంటే సెన్సర్ కావచ్చు, వైరు తెగి ఉండొచ్చు, కనెక్టర్లోకి ఆయిల్ దిగి ఉండొచ్చు, ఎర్త్ సరిగ్గా అందకపోవచ్చు. మల్టీమీటరుంటే పవర్, ఎర్త్, సిగ్నల్ చూసుకోడానికి పది నిమిషాలు చాలు. కోడ్ అనేది ఒక లక్షణం. జ్వరం అని రాసి ఉంటే థర్మామీటర్ మారుస్తామా?

"ఇది పాతకాలపు ఇంజను గొడవ, ఇప్పటి కార్లలో సెన్సర్ పెట్టి ఒక బోల్టు బిగిస్తే చాలు" అంటారని తెలుసు. నిజమే, చాలా కార్లలో అంతే. కానీ అవే కార్లలో క్యామూ క్రాంకూ కలవట్లేదని పి0016 కోడ్ వస్తుంది. చాలాసార్లు దానికి కారణం టైమింగ్ చెయిన్ సాగడం. దానికీ సెన్సరే మార్చేవాళ్ళున్నారు. చెయిన్ మాత్రం ఇంకో పన్ను జారేదాకా సాగుతూనే ఉంటుంది. జీఎం వాళ్ళ పాత వోర్టెక్ ఇంజన్లలో ఇంకో రకం. అక్కడ డిస్ట్రిబ్యూటర్ తిప్పితే స్పార్క్ టైమింగ్ మారదు, క్యామ్ సిగ్నలే మారుతుంది. స్కానర్ పెట్టి క్యామ్ రిటార్డ్ సున్నాకి అటూ ఇటూ 2 డిగ్రీల లోపు ఉందో లేదో చూడాల్సిందే. చెవితో వినీ, కంటితో చూసీ చెప్పలేం. కాబట్టి అలైన్‌మెంట్ పోలేదు, దాని చోటు మారిందంతే.

ఇక మన సంగతి. మెకానిక్కుని తిట్టడం తేలికే, మనమేం తక్కువ తిన్నాం? నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తే అది ఎందుకు నల్ అయిందో చూడకుండా అక్కడో ఇఫ్ పెట్టి చెక్-ఇన్ చేసేస్తాం. మెమరీ లీకయితే రాత్రి రెండింటికి సర్వర్ రీస్టార్ట్ చేసే స్క్రిప్టు రాసి దానికి "పర్మనెంట్ ఫిక్స్" అని పేరు పెడతాం. టికెట్ మూసేస్తాం, డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది, మేనేజరు శభాష్ అంటాడు. మొదటి గ్యారేజీ వాడికీ మనకీ తేడా ఒక్కటే: వాడి చేతులకి గ్రీజుంటుంది :)

"కారణం వెతకడానికి టైమెక్కడుంది, గంటకింత లేబర్ ఛార్జీ ఎవడిస్తాడు" అన్నది మెకానిక్కుల వాదన. ఇందులో నిజం ఉంది. నేను ఇందాక ఒక ముక్క దాచాను. మొదటి గ్యారేజీ వాడు నన్ను అడిగాడు. "డయాగ్నసిస్‌కి 95 డాలర్లవుతుంది, చూడమంటారా?" అని. "కోడ్ నా దగ్గరే ఉందిగా, సెన్సర్ మార్చెయ్యండి చాలు" అన్నది నేనే. కళ్ళకి కనిపించే ప్లాస్టిక్ ముక్కకి డబ్బిస్తాం గానీ, ఒక మనిషి గంటసేపు ఆలోచించినందుకు ఇవ్వాలంటే మనకి ప్రాణం మీదకొస్తుంది. ఎస్టిమేట్‌లో రూట్ కాజ్ అనాలిసిస్‌కి నాలుగు గంటలు వేస్తే "అదేంటి, కోడ్ మార్పు రెండు లైన్లేగా" అనే క్లయింటుని తిట్టుకుంటాం చూడండి, ఆ క్లయింటుని నేనే. అందుకే మొదటి 180 డాలర్ల తప్పు సగం నాదే. రెండోది మాత్రం పూర్తిగా రెండో గ్యారేజీదే. అమెరికాలో మాన్యువలూ దొరుకుతుంది, టూలూ దొరుకుతుంది. వాడకపోవడానికి సాకు లేదు.

మన ఊళ్ళో మెకానిక్కుకి ఆ సాకు చాలాకాలం ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో విడిగా షెడ్డు నడుపుకునేవాడికి కంపెనీ స్కానరూ, మాన్యువలూ, అసలు పార్టులూ అందకపోతే "వేసి చూద్దాం" తప్ప ఏం చేస్తాడు? 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా సరిగ్గా ఈ విషయం మీదే 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, అది వేరే కథ. కానీ సమాచారం తాళమేసి పెట్టి, ఊహించి రిపేరు చేశాడని షెడ్డువాణ్ణి నాటుగాడనడం న్యాయం కాదు. డాక్యుమెంటేషన్ ఇవ్వకుండా సపోర్ట్ టీంని తిట్టే పెద్దమనుషులు మన ఆఫీసుల్లో లేరా?

ఈసారి లైటు వెలిగితే గ్యారేజీలో మూడే ప్రశ్నలు అడగండి. ఈ పార్టే పోయిందని దేన్నిబట్టి చెప్తున్నారు? బిగించాక అలైన్‌మెంటో, రీలెర్నో ఏమైనా ఉందా? బాగయిందని ఎలా చూశారు? మూడోదానికి "లైటు ఆరిందిగా" అని జవాబొస్తే తాళాలు తీసుకుని వచ్చెయ్యండి. చూసి చెప్పడానికి డబ్బడిగితే మాత్రం బేరమాడకుండా ఇచ్చెయ్యండి.

సోమవారం ఆఫీసుకెళ్ళాక, పోయిన వారం మీరు మూసేసిన టికెట్ ఒకటి తెరిచి ఇవే మూడు ప్రశ్నలు మిమ్మల్ని మీరు అడగండి. నేను అడుక్కున్నాను. రెండు టికెట్లు మళ్ళీ ఓపెన్ చెయ్యాల్సొచ్చింది.