ఎగ్‌లెస్ అయినంత మాత్రాన వెజ్ అయిపోదండీ!

ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళ ప్రతి పాట్‌లక్‌లోనూ ఒక చీజ్‌కేకు ప్రత్యక్షమవుతుంది. పైన స్ట్రాబెర్రీలు, బ్లూబెర్రీలు పరిచి, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఓవెన్ ముట్టించక్కర్లేదు, గుడ్డు కొట్టక్కర్లేదు, అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పడేస్తే చాలు. దాని పక్కన ఒక చీటీ కూడా ఉంటుంది - "నో బేక్, ఎగ్‌లెస్, వెజ్" అని. నా గొడవంతా ఆ మూడో మాటతోనే.

నో బేక్ నిజం. ఎగ్‌లెస్ నిజం. వెజ్ అన్నది మాత్రం చాలాసార్లు శుద్ధ అబద్ధం. ఎందుకంటే నెట్లో దొరికే నో బేక్ చీజ్‌కేకు రెసిపీలు బోలెడన్నిట్లో జెలటిన్ ఉంటుంది. అది గుడ్డు కాదు కాబట్టి ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోరు.

జెలటిన్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం: పశువుల తోళ్ళలో, ఎముకల్లో కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. వాటిని ఆమ్లంలోనో క్షారంలోనో నానబెట్టి, వేడినీళ్ళలో మరిగించి, ఆ వచ్చిన జిగురుని ఎండబెట్టి పొడి కొడతారు. ఎక్కువగా పంది చర్మం నుంచీ, గొడ్ల తోళ్ళూ ఎముకల నుంచీ తీస్తారు. చేపల నుంచి తీసేదీ ఉంది. వాసన ఉండదు, రుచి ఉండదు. చిన్న కాగితం పొట్లంలో అమాయకంగా, బేకింగ్ పౌడర్‌కి తమ్ముడిలా ఉంటుంది.

ఇక్కడో మాట చెప్పాలి. నేను శాకాహారిని కాను. కోడీ, గుడ్డూ, రొయ్యలూ అన్నీ లాగిస్తాను. జెలటిన్ ఉన్న మిఠాయిలు కూడా తెలిసే తింటాను. కాబట్టి ఇది మడీ ఆచారం గోల కాదు. నేను తెలిసి తినటం నా ఇష్టం. ఇంకొకళ్ళకి తెలియకుండా పెట్టటం నా ఇష్టం కాదు, మీ ఇష్టం కూడా కాదు. అంతే నేననేది.

పైగా ఇది ఒక్క శాకాహారుల సమస్యనుకుంటే పొరపాటు. మన తెలుగువాళ్ళలో మాంసం తినేవాళ్ళే ఎక్కువ. కానీ వాళ్ళలో ఎంతమంది పందీ గొడ్డూ ముడతారు? ఆదివారం వస్తే మటన్ లేనిదే ముద్ద దిగనివాళ్ళు కూడా ఆ రెండూ అంటే ఆమడ దూరం. హలాల్ చూసుకునే మన ముస్లిం మిత్రుల సంగతి చెప్పనే అక్కర్లేదు. జెలటిన్ వచ్చేది సరిగ్గా ఆ రెంటి నుంచే! అంటే ఆ చీటీ వల్ల మోసపోయేది బల్ల చుట్టూ ఉన్న సగం మంది.

అసలు ఈ "ఎగ్‌లెస్ = వెజ్" అనే సమీకరణం మనకి ఎక్కణ్ణించి వచ్చింది? ఇండియా బేకరీల నుంచి. అక్కడ కేకు కొనేటప్పుడు అడిగేది ఒకటే ప్రశ్న - గుడ్డు వేశారా లేదా? మన బుర్రల్లో కేకుకి ఉన్న టెస్ట్ కేసు అదొక్కటే. మిగతావన్నీ ప్యాకెట్ మీద ఉన్న చుక్క చూసుకుంటుంది. 2001 నుంచీ అక్కడ ప్యాకెట్లలో అమ్మే తిండి మీద ఆ గుర్తు ఉండి తీరాలి, అందులో గుడ్డుని కూడా మాంసాహారం కిందే లెక్కేస్తారు. ఆకుపచ్చ చుక్క ఉంటే కళ్ళు మూసుకుని బుట్టలో వేసుకోవచ్చు. విమానం దిగాక ఆ చుక్క లేదు. అమెరికాలో అలాంటి గుర్తు వెయ్యాలని చట్టం లేదు. అలవాటు మాత్రం మనతోపాటే సూట్‌కేసులో వచ్చేసింది.

చుక్క లేనిచోట లేబులే గతి. సరే, కేకులో నేరుగా జెలటిన్ వెయ్యలేదు, బాగుంది. మరి పైన ఎర్రగా మెరిసే పొర కోసం వాడిన జెల్లో పొడి? అందులో ఉన్నదే జెలటిన్. మెత్తగా రావాలని కరిగించి కలిపిన మార్ష్‌మాలోలు? అవీ అంతే. పులుపు కోసం వేసిన లైట్ సోర్ క్రీము, పెరుగు? కొన్ని కంపెనీలవాటిలో చిక్కదనం కోసం కలుపుతారు. రోజంతా ఆఫీసులో ఏ లైబ్రరీ ఏ లైబ్రరీని లాక్కొస్తోందో భూతద్దం వేసి వెతికేవాళ్ళం, కోడ్ రివ్యూలో ఒక్క వెర్షన్ నంబర్ తేడా వస్తే ఇరవై కామెంట్లు పెట్టేవాళ్ళం, కిరాణా కొట్లో ఒక డబ్బా వెనక్కి తిప్పి చదవలేమా?

ఆమధ్య ఒకరింట్లో ఇలాగే జరిగింది. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన ఒక పెద్దావిడ, వెల్లుల్లి కూడా తినరు, చీజ్‌కేకు ముక్క చేతిలో పెట్టుకుని అడిగారు - "గుడ్డు వెయ్యలేదు కదమ్మా?" అని. "అబ్బే లేదాంటీ, అసలు బేకే చెయ్యలేదు" అన్నారు ఆ ఇంటావిడ. అబద్ధమేం కాదు. ఆవిడ తృప్తిగా తిన్నారు. కాసేపయ్యాక నేను వంటింట్లో మాటవరసకి రెసిపీ అడిగితే తెలిసింది, రెండు పొట్లాలు జెలటిన్ వేశారని. అదేంటో చెప్పాను. ఇంటావిడ మొహం పాలిపోయింది, పాపం నిజంగానే తెలియదు. పక్కనున్న పెద్దమనిషి మాత్రం, "ఇప్పుడావిడకి చెప్పకండి సార్, బాధపడతారు" అన్నాడు. తెలియక పెట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు. బాధపడతారని తెలిసి కూడా "ఎంతలే" అనేవాళ్ళ మీదే నా కోపమంతా.

ఈ "ఎంతలే" బ్యాచ్ దగ్గర తయారుగా కొన్ని సమాధానాలుంటాయి. "మందుల క్యాప్సూల్స్ కూడా జెలటినే కదా?" అంటారు. అవును, చాలావరకు. జ్వరమొస్తే మింగే మందూ, శనివారం సాయంత్రం సరదాకి తినే కేకూ ఒకటేనా? "పంచదార శుద్ధి చెయ్యటానికి ఎముకల బొగ్గు వాడతారట, మరి దానికేమంటారు?" అని ఇంకొకాయన. ఇక్కడ కొన్ని చెరకు పంచదారల విషయంలో అదీ నిజమే. అంత పట్టింపు ఉన్నవాళ్ళు ఆర్గానిక్‌దో, బీట్ దుంపలదో కొనుక్కుంటారు. వాళ్ళకి తెలుసు కాబట్టి కొనుక్కోగలుగుతారు, నేను మొత్తుకునేది అదే. "ప్యాకెట్ మీద కోషర్ అని ఉందండీ" అనేది మరో వాదన. కోషర్ అనేది యూదుల ఆహార నియమం. ఆ నియమం ప్రకారం కోసిన గొడ్డు నుంచీ, చేపల నుంచీ కూడా జెలటిన్ తీస్తారు. అది మనవాళ్ళకి ఏ రకంగా వెజ్?

ఇక ఆఖరి అస్త్రం: "అది లేకపోతే గట్టిపడదండీ!"

ఇదిగో, ఇది మాత్రం పూర్తిగా తప్పు. దీని గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. నో బేక్ చీజ్‌కేకు గట్టిపడేది వెన్నపూస వల్ల. అమెరికా నియమాల ప్రకారం క్రీమ్ చీజ్ అని పేరు పెట్టాలంటే అందులో కనీసం 33 శాతం పాలకొవ్వు ఉండాలి. హెవీ క్రీములో కనీసం 36 శాతం. ఆ క్రీముని చల్లగా ఉన్నప్పుడు గిలక్కొడితే కొవ్వు కణాలు ఒకదానికొకటి అతుక్కుని గాలి బుడగల చుట్టూ గోడ కడతాయి. ఫ్రిజ్‌లో పెడితే ఆ కొవ్వు బిగుసుకుంటుంది, నెయ్యి పేరుకున్నట్టే. నిమ్మరసం పిండితే ప్రోటీన్లు ఇంకాస్త చిక్కబడతాయి. ఇంక జిగురుతో పనేముంది?

మరి కొంతమందికి ఎందుకు జారిపోతుంది? కొవ్వు తక్కువని చెప్పి న్యూఫ్‌షటెల్ రకం కొంటారు, అందులో కొవ్వు తక్కువ, నీళ్ళెక్కువ. లేదా బ్రెడ్డుకి రాసుకునే, డబ్బాలో వచ్చే మెత్తటి చీజ్ వాడతారు. క్రీముని సగం గిలక్కొట్టి ఆపేస్తారు. పళ్ళ గుజ్జు ఒక కప్పు అందులోనే పోసేస్తారు. రెండు గంటలకే ఫ్రిజ్‌లోంచి తీస్తారు. అప్పుడది పాయసంలా కారుతుంది. బగ్ ఎక్కడుందో చూడకుండా సర్వర్‌కి ర్యామ్ పెంచినట్టు, రెండు పొట్లాలు జెలటిన్ దిమ్మరిస్తారు. కొట్లో అమ్మేవాడికి జెలటిన్ కావాలంటే అర్థముంది - వాడి కేకు లారీ ఎక్కాలి, నాలుగు రోజులు అద్దాల పెట్టెలో నిలబడాలి. మీ కేకు ప్రయాణం ఫ్రిజ్ నుంచి డైనింగ్ టేబుల్ దాకా.

నేను చేసే పద్ధతి ఇది. తొమ్మిది అంగుళాల, అంచు ఊడదీయటానికి వీలయ్యే గిన్నె. అడుగుకి 200 గ్రాముల గ్రాహమ్ క్రాకర్లు (మేరీ బిస్కట్లయినా దివ్యంగా ఉంటుంది) పొడి కొట్టి, 100 గ్రాముల కరిగిన వెన్నతో తడిపి, గ్లాసు అడుగుతో గట్టిగా ఒత్తి ఫ్రిజ్‌లో పెట్టాలి. తర్వాత ఎనిమిది ఔన్సుల క్రీమ్ చీజ్ ఇటుకలు మూడు, అంటే 680 గ్రాములు, బయట పెట్టి మెత్తబడనిచ్చి, ముప్పావు కప్పు పౌడర్డ్ షుగర్‌తో ఉండలు లేకుండా కలపాలి. ఆ పౌడర్లో కాస్త మొక్కజొన్న పిండి కలిపే అమ్ముతారు, అది కూడా తడి పీల్చుకుని మనకి సాయం చేస్తుంది. రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, కొంచెం వనిల్లా. వేరే గిన్నెలో ఒక కప్పు చల్లటి హెవీ క్రీము, కవ్వం పైకెత్తితే కొన నిటారుగా నిలబడేదాకా గిలక్కొట్టి, చీజ్‌లోకి మెల్లగా మడిచినట్టు కలపాలి. బిస్కట్ల మీద పరిచి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆరు గంటలు కనీసం. ఈ ఒక్క విషయంలో రాజీ లేదు. (క్రీమ్ చీజ్ అంటే దాదాపు తోడుపెట్టి చేసేదే. కొన్నిట్లో ఎంజైములు కలుపుతారు, పట్టింపు ఉంటే అదీ చూసి కొనండి. ఫిలడెల్ఫియా అన్న పేరు 1880లో పెట్టారు గానీ అది చేసింది న్యూయార్క్ రాష్ట్రంలో. మన మైసూరు బజ్జీకీ మైసూరుకీ ఉన్నంత సంబంధమే!)

బెర్రీలు గుజ్జు చేసి లోపల కలపకండి, పైనే వెయ్యండి. కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి, వడ్డించే ముందు పరిస్తే రంగు కారదు. జూన్ ఆఖరు నుంచి ఇక్కడ తోటల్లో మనమే కోసుకునే బ్లూబెర్రీలు దొరుకుతాయి. ప్రపంచంలో మొదటిసారి సాగు చేసిన బ్లూబెర్రీ పంట 1916లో అమ్మకానికి వచ్చింది ఈ న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్ నుంచే. అంత మంచి పండుని తెచ్చుకుని, దాని మీద పంది చర్మపు జిగురు పొయ్యటం ఏం ధర్మం?

మెరిసే పొర కావాల్సిందే అంటారా, అగర్ అగర్ ఉంది. సముద్రపు నాచు నుంచి తీస్తారు, మన కొట్లలో చైనా గ్రాస్ అంటారు. అయితే దాన్ని తెచ్చి చీజ్‌లో కలపకండి. అది మరిగితేనే కరుగుతుంది, చల్లటిది తగలగానే గడ్డకడుతుంది. కేకు నిండా ఇసకలాంటి ఉండలొస్తాయి. అప్పుడు "చూశారా, వెజ్ పద్ధతి పనిచెయ్యదు" అని మళ్ళీ మొదటికొస్తారు. ఒక కప్పు స్ట్రాబెర్రీ రసంలో ముప్పావు చెంచా అగర్ పొడి వేసి రెండు నిమిషాలు మరిగించి, కాస్త వేడి తగ్గాక పైన పొయ్యండి. అద్దంలా వస్తుంది.

"జులై ఎండలో పార్కులో పెడితే కరిగిపోదా?" అంటారా. కరుగుతుంది. జెలటిన్ వేసినదీ కరుగుతుంది, అది నోట్లో పెట్టుకుంటే మన ఒంటి వేడికే కరిగిపోయే పదార్థం. అయినా పాలతో చేసిన తిండిని రెండు గంటలకి మించి బయట ఉంచకూడదనీ, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఒక్క గంటేననీ ఇక్కడి వ్యవసాయ శాఖే చెప్తోంది. ఐసు పెట్టెలో పెట్టి తీసుకెళ్ళండి.

హైదరాబాదు నుంచి చదివేవాళ్ళకి ఒక్క మాట. అమూల్ ఫ్రెష్ క్రీములో ఉండేది 25 శాతం కొవ్వే, ఎంత గిలక్కొట్టినా నిలబడదు. విప్పింగ్ క్రీము అని రాసి ఉన్నదే కొనండి. మీకు స్ట్రాబెర్రీ చలికాలం పంట. ఎండాకాలంలో ఎదురుగా మామిడిపండు పెట్టుకుని, డబ్బాలో వచ్చే బ్లూబెర్రీ పాకం కోసం ఊరంతా తిరగటం ఏంటో నాకైతే అర్థం కాదు.

ఇక చీటీ సంగతి. వెజ్ అని రాసే ముందు వాడిన ప్రతి డబ్బా వెనక్కి తిప్పి చదవండి. చదివే ఓపిక లేకపోతే "జెలటిన్ ఉందో లేదో చూడలేదు" అని రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు. వేసి ఉంటే వేశామని రాయండి, నాలాంటివాళ్ళం వచ్చి తింటాం. కోసేటప్పుడు చాకుని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, ప్రతి ముక్కకీ మళ్ళీ ముంచి కొయ్యండి, అంచులు కొట్లో కొన్నట్టే వస్తాయి. :)