పిల్లకు హాస్టల్ కాదు, తల్లికి బతుకుదెరువు

అనాథాశ్రమాల్లో పెరిగే పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉంటారు. పిల్లల సంక్షేమం కోసం పనిచేసేవాళ్లు ఏ దేశంలోనైనా ఈ మాటే చెబుతారు. ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే అనంతపురం పల్లెలకు రావాలి.

ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదునుకు రాదు. తొలకరికి వేరుశనగ విత్తుతారు. చెట్టు పూత పట్టి, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. బోరు వేస్తే నీళ్లకు బదులు దుమ్ము లేస్తుంది. పంట పోయినా అప్పు మాత్రం పోదు. భార్యాభర్తలు ఇంటికి తాళం వేసి బెంగళూరు బస్సెక్కుతారు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. అవ్వ మంచాన పడినా, అప్పులవాళ్ల ఒత్తిడి తట్టుకోలేక తండ్రి పురుగుమందు తాగినా, ఆ తల్లికి మిగిలిన దారి ఒకటే. పాస్టరు గారో తెలిసినవాళ్లో చెప్పిన హాస్టల్లో బిడ్డను వదిలి కూలికి పోతుంది. ఆ రోజు నుంచి ఆ బిడ్డ ఫోటో ఏదో ఒక దేశంలో, ఏదో ఒక చర్చి గోడ మీద ‘అనాథ’ అనే పేరుతో ఉంటుంది. ఆ తల్లి మాత్రం ఏ ఫోటోలోనూ ఉండదు.

వేసవి సెలవుల్లో విదేశాల నుంచి యువతీ యువకులు సేవకని మన ప్రాంతాలకు వస్తారు. వాళ్ల ప్రేమను శంకించనవసరం లేదు. సొంత డబ్బు పెట్టుకుని, ఎండకు తాళలేకపోయినా ఓర్చుకుని, పిల్లలతో పాటలు పాడతారు, ఆటలు ఆడతారు, జడలు వేస్తారు. ఐదేళ్ల పిల్ల వాళ్లలో ఒకామె కొంగో చున్నీయో పట్టుకుని వదలదు. రెండు వారాలు గడుస్తాయి. వ్యాన్ కదిలేటప్పుడు ఇద్దరూ ఏడుస్తారు. వెళ్లినవాళ్లకు అది జీవితాన్ని మార్చిన అనుభవం. ఉండిపోయిన పిల్లకు అది ఇంకో ఎడబాటు. తల్లి వెళ్లిపోయింది, ఈ అక్కా వెళ్లిపోయింది, వచ్చే ఏడాది ఇంకో అక్క వస్తుంది, ఆమె కూడా వెళ్లిపోతుంది. ఎవరు కనబడినా చేతులు చాచే పిల్లల్ని చూసి ఎంత ప్రేమగా ఉన్నారో అనుకుంటాం. నిలకడగా ఒక మనిషి దొరకని బిడ్డ చేసే పని అది.

2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన ఒక పరిశోధన, ఆశ్రమాల్లో ఉన్న పసిపిల్లలనూ, అక్కడి నుంచి పెంపుడు కుటుంబాలకు మారిన పిల్లలనూ ఏళ్ల తరబడి పోల్చి చూసింది. కుటుంబాల్లో పెరిగినవాళ్ల బుద్ధి వికాసమూ, మనుషులతో అనుబంధమూ మెరుగ్గా ఉన్నాయని తేలింది. అనాథాశ్రమాల్లో చేర్చేందుకు పిల్లల్ని తరలించి దోచుకోవడం ఆధునిక బానిసత్వమేనని 2018లో ఆస్ట్రేలియా గుర్తించింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా పిల్లలను కుటుంబాల్లోనే ఉంచే దిశగా దేశాలు కదలాలని తీర్మానించింది.

క్రైస్తవులకు ఈ మాట కొత్తగా ఎవరూ చెప్పనవసరం లేదు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర దిక్కులేని పిల్లలూ, భర్త పోయిన స్త్రీలూ పక్కపక్కనే ఉన్నారు. వాళ్ల కష్టంలో వెళ్లి పరామర్శించమంది గానీ, పిల్లను ఒక చోట, తల్లిని ఒక చోట పెట్టమనలేదు.

మన నేల మీద మిషన్ సేవకు రెండు దారులూ ఉన్నాయి. 1876-78 నాటి మహా కరువులో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలను మద్రాసు ప్రెసిడెన్సీలోని మిషన్లు చేరదీశాయి. ఆ రోజుల్లో ఆశ్రమం తప్పనిసరి. అదే కరువులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత కాంట్రాక్టుకు తీసుకుని మాల మాదిగలకు కూలి ఇప్పించాడు. కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు, అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. తండ్రికి కూలి దొరికిన ఇంట పిల్లలు అనాథలు కారన్న సంగతి అప్పుడే కళ్ల ముందు కనబడింది.

ఆ దారిలో ఇంకా చాలా దూరం నడిచిన మనిషి మన ఫాదర్ ఫెర్రర్. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్ మిషనరీగా బొంబాయికి వచ్చాడు. మన్మాడ్ ప్రాంతంలో పేద రైతులతో బావులు తవ్వించాడు. అక్కడి పెద్దలకు కంటగింపై 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఇందిరా గాంధీ చొరవతో మరుసటి ఏడాదే తిరిగొచ్చి అనంతపురం చేరాడు. 1970లో జెస్యూట్ సభను వీడి, ఆన్ పెర్రీని పెళ్లి చేసుకుని, ఆమెతో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టాడు. మనం ఆర్డీటీ అని పిలుచుకునే సంస్థ అది.

ఆర్డీటీ స్పాన్సర్‌షిప్ పద్ధతిని దగ్గరగా చూడాలి. స్పెయిన్‌లోని దాత ఒక బిడ్డ పేరున నెలనెలా డబ్బు పంపుతాడు. ఆ బిడ్డ మాత్రం హాస్టల్‌కు పోదు, తన ఊళ్లో, తన అమ్మ చేతి సంగటి తింటూనే ఉంటుంది. డబ్బు ఊరికి పనికొస్తుంది. బడి తర్వాత పాఠాలు చెప్పే మాస్టరు, దళితవాడలో ఇల్లు, మహిళా సంఘం, పొలంలో నీటి కుంట, బత్తలపల్లి ఆసుపత్రి, అన్నీ ఆ తీరున సాగినవే. దాతకు బిడ్డ రాసిన ఉత్తరం చేరుతుంది. స్పెయిన్ నుంచి అతిథి వస్తే దుబాసీని వెంటబెట్టుకుని బిడ్డ ఇంటికే వెళతాడు. తల్లి ఉంటుంది, అవ్వ ఉంటుంది, వాకిట్లో మేక ఉంటుంది. అక్కడ అతడు చుట్టం, రక్షకుడు కాడు. ఈ తేడాయే నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనబడుతుంది.

ఈ పద్ధతిలోనూ లోపాలు లేకపోలేదు. పేరు ఒక బిడ్డదై, ఉత్తరాలు ఒక బిడ్డకే వస్తే పక్కింటి బిడ్డ చిన్నబోతుంది. పైగా విదేశీ డబ్బు మీద నిలిచిన పని ఎప్పుడైనా చిక్కుల్లో పడొచ్చు. 2025లో విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ కాక ఆర్డీటీకి గడ్డుకాలం వచ్చినప్పుడు అనంతపురం జనం రోడ్డెక్కి సంస్థను కాపాడమన్నారు. మతం, కులం, పార్టీ చూసుకోలేదు. తమ ఇంటి పని అనుకున్నారు గనుకే వచ్చారు.

నిజంగా ఎవరూ లేని పిల్లలు ఉన్నారు. హెచ్‌ఐవీ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాళ్లూ, ఇంట్లో హింస వల్ల అక్కడ ఉండలేనివాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఆశ్రమం కావాలి, మంచి ఆశ్రమం కావాలి. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం అది రిజిస్టరై ఉండాలి, పిల్లలు బాలల సంక్షేమ కమిటీ ముందుకు వచ్చి చేరాలి. కానీ పేదరికం ఒక్కటే కారణమైతే బిడ్డను తల్లి దగ్గర నుంచి తీయకూడదన్నదే ఆ చట్టం దారి. అర్హమైన కుటుంబానికి మిషన్ వాత్సల్య కింద ఒక బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఆ దరఖాస్తు నింపి, ఆఫీసు చుట్టూ తిరిగే ఓపికా, తిరగడానికి బస్సు చార్జీలూ ఆ తల్లికి ఉండవు. చర్చి చేయగల సేవ అక్కడుంది.

డాలస్‌లోనో, హైదరాబాద్‌లోనో క్రిస్మస్‌కు విరాళం పోగుచేసే తెలుగు సంఘాలకు నా విన్నపం ఇది. మీరు డబ్బు పంపే హోమ్‌కు ఈసారి ఫోన్ చేసి, ఇక్కడి పిల్లల్లో ఎందరికి అమ్మ ఉందో అడగండి. ఆ అమ్మ ఎక్కడుందో, ఆమె పిల్లలతో ఊళ్లోనే ఉండాలంటే ఏం కావాలో కనుక్కోండి. రెండు మేకలు కావచ్చు, కుట్టు మిషను కావచ్చు, వడ్డీ వ్యాపారి అప్పు తీర్చడం కావచ్చు. వచ్చే విరాళం దానికి పంపండి.