చిట్టా లేని ఆవర్జా

మన సంఘ కార్యవర్గమున తొమ్మండుగురు సభ్యులు గలరు. అందరి చేతులలోను ఫోనులున్నవి. వానిలో పనుల జాబితాలు వ్రాసికొను యాపులును ఉన్నవి. అయినను గడచిన జూను మాసమున మన పిల్లల తెలుగు తరగతి చేజారిపోయినది. ఆ తప్పులో పెద్ద భాగము నాది గావున దానిని గూర్చి వ్రాయవలసినవాడను నేనే.

1949వ సంవత్సరమున జరిగిన విద్యామంత్రుల సమావేశము, ప్రాథమిక దశలో ఒక మాతృభాష గల పిల్లలు పాఠశాల మొత్తమున 40 మందియైనను, ఒక తరగతిలో 10 మందియైనను ఉన్నయెడల, ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని ఏర్పాటు చేయవలెనని తీర్మానించినది. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణమును మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెననియే చెప్పుచున్నది. ఈ సంఖ్యలను మన సభలలో ఎన్నిమారులు వల్లించితిమో లెక్కలేదు. ఒకటవ తరగతికై 11 మంది పిల్లల తల్లిదండ్రులు సమ్మతించిరి కూడ. నేను నా ఫోనులో "తెలుగు తరగతి" యని ఒక జాబితా తెరచి, దాని క్రింద "సంతకములు", "అర్జీ" అని రెండు పంక్తులు వ్రాసి, పని సగము ముగిసినట్లే సంతోషించితిని. ఏ వీధికి ఎవరు ఏ దినమున పోవలెనో అందు లేదు. మార్చి మొదలు మే వరకు ఆ రెండు పంక్తులు అట్లే యుండెను. బడి తెరచునాటికి నలుగురు పిల్లలు వేరు పాఠశాలలలో చేరిరి. మిగిలినవారు ఏడుగురు.

వర్తకుడనైన నాకిది ముందే తోచవలసినది. అంగడిలో రెండు పుస్తకములుండును. ఆవర్జాలో ఒక్కొక్క ఆసామి ఖాతా వేరువేరుగ నుండును. చిట్టాలో ఆ దినపు వ్యవహారము, ఎవరిదైనను సరే, ఒక్క పుటలో నుండును. ఈ యాపులలో మనము తెరచు జాబితాలన్నియు ఆవర్జా వంటివి. గ్రంథాలయము, విద్యార్థి వేతనములు, ఉగాది, సత్రపు పైకప్పు, నా అంగడి సరకు, దేని ఖాతా దానిది. ఉదయమున పది నిమిషములు తీరిక దొరకినవాడు వీనిలో దేనిని తెరచును? ఎక్కువ సందడి చేయు ఉగాదినే తెరచును. మా యింట జరిగినదియు అదే.

అమెరికా దేశస్థుడగు డేవిడ్ అలెన్ 2001లో ప్రకటించిన తన గ్రంథమున, ప్రతి కార్యమునకును తరువాత చేయవలసిన పని యేదో తేల్చి వ్రాసికొనవలెనని బోధించెను. "అర్జీ" యనునది పని కాదు. "సోమవారము ప్రధానోపాధ్యాయుని కలిసి అర్జీ నమూనా అడుగుట" పని.

ఇప్పుడు నేను మైక్రోసాఫ్ట్ వారి టు డూ యాపులో ప్రతి జాబితాయందును ఒక్క పంక్తికి మాత్రమే నక్షత్రపు గుర్తు పెట్టుచున్నాను. నక్షత్రము గలవన్నియు ఏ జాబితాలోనివైనను ఒకచోట కనబడును. అదియే నా చిట్టా. గూగుల్ టాస్క్స్‌లోను ఈ వీలు గలదు. అయితే ఒక చిక్కున్నది. పని ముగించి కొట్టివేయగానే దానితో నక్షత్రమును పోవును. క్రింది పంక్తికి తనంతట రాదు. అంతటితో ఆ కార్యము చిట్టానుండి మాయమగును, ఎవ్వరును అడుగరు. ఆపిల్ యంత్రములకై చేయబడిన ఆమ్నీఫోకస్ యాపు, కార్యమును వరుసక్రమమున నడుపుమని చెప్పినచో, తరువాతి పనిని తానే ముందుకు తెచ్చునట. మనలో అట్టి యంత్రములు గలవారెందరు? నేను శనివారము రాత్రి అంగడి మూసిన పిదప జాబితాలన్నియు ఒకమారు తిరుగవేసి, నక్షత్రము లేనిదానికి పెట్టుచున్నాను. పావుగంట పట్టును.

కచేరీకి పంపిన కాగితములది వేరు సంగతి. "జవాబు రావలెను" అని వ్రాసి ఊరకుండుట, బాకీని ఖాతాలో వ్రాసి వాయిదా వ్రాయకుండుట వంటిది. మరల ఎన్నడు పోయి అడుగవలెనో ఆ తేది వేయవలెను.

పెద్దలు కొందరు, ఇంతమాత్రమునకు యాపేల, నోటుపుస్తకము చాలదా యనుచున్నారు. ఒక్కనికి చాలును, నేనును చిరకాలము దానితోనే గడపితిని. తొమ్మండుగురి పనికి చాలదు. నా జేబులోని పుస్తకము కార్యదర్శికి కనబడదు గదా. ఉమ్మడి జాబితాయైనచో అందరికి కనబడును. అందులో వేరొక ప్రమాదమున్నది: అందరు చూచుచున్నారు గనుక ఎవరో చేయుదురని అందరు ఊరకుందురు. కావున ప్రతి పంక్తి చెంతను ఒక్కరి పేరుండవలెను. "కార్యవర్గము" అను పేరు పనికిరాదు.

రాబోవు సంవత్సరపు తరగతికై ఉమ్మడి జాబితా తెరచినాము. నక్షత్రము గల పంక్తి యిది: ఆదివారము ఉదయము, సంత వీధి, మూడు ఇండ్లు, సంతకములు. చెంతనున్న పేరు నాది.