గోడ మీద షజ్రా, త్రాసు మీద ఉత్తరాలు

గత రంజానుకు ముందు ఇంటికి సున్నం వేయిస్తున్నప్పుడు మా తాతగారి రేకుపెట్టె పాతకాగితాలవాని త్రాసు దాకా పోయి తిరిగివచ్చింది. అందులో ఉన్నవి ఉర్దూ ఉత్తరాలు. ఇంట్లో చదవగలిగినవారు లేరు, కనుక అవి చెత్త. ఇది మా అన్నగారి కుమారుని తర్కం. వాడినొక్కడినే నిందించలేను. కాని అదే ఇంటి ముందుగదిలో అద్దం బిగించిన షజ్రా భద్రంగా వ్రేలాడుతున్నది. అందులో తొమ్మిది తరాల పురుషులు, అందరికంటె పైన అరబ్బు దేశపు పెద్దమనిషి ఒకరు. స్త్రీ పేరు ఒక్కటీ లేదు.

నా ఫిర్యాదు ఆ షజ్రా మీదనే. మనలో వంశచరిత్ర అంటే గొప్ప రక్తం కోసం వెతుకులాటగా మారింది. దూది ఏకిన ముత్తాతను దాచి, గుర్రమెక్కి వచ్చినవానిని వెతుకుతాం. ఆ దూదేకులవాని చేతిరాత గల కాగితం మాత్రం కిలోల లెక్కన అమ్ముతాం.

పెట్టె తిరిగివచ్చాక ఒక వృద్ధ ఉపాధ్యాయుని బతిమాలి ఉత్తరాలు చదివించాను. నిజాం రాజ్యపు తపాలాబిళ్ళ అంటించిన ఒక ఉత్తరంలో మా తాతగారి మేనమామ తన చెల్లెలి మరణవార్త రాశారు. ఊరంతా జ్వరం, జనాజా మోయడానికి మనుషులు చాలలేదు, ఊరిచివర ఖబరస్తాన్‌లో వేపచెట్టు పక్కన దఫన్ చేశాం. తేదీ సఫర్ 1337. ఆ చెట్టు నేటికీ ఉంది. దాని కింది రాతి మీద “ఫలానావారి జౌజా, 1337” అని మాత్రమే ఉంది. ఆ అంకెను మేము ఇన్నాళ్ళూ ఫసలీ అనుకుని, 590 కలిపి, 1927 అని చెప్పుకున్నాం. అది హిజ్రీ. అంటే 1918 నవంబరు, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళను ఊడ్చిన కాలం. తాతగారు పాలు మరవకముందే తల్లిని కోల్పోయారన్నమాట. ఆయనను పెంచినది సవతి తల్లి అని ఆయన కొడుకులకు కూడా తెలియదు. ఖాజీగారి దఫ్తరులోని నికాహ్ సియాహాలో ఆమె పేరు, ఆమె తండ్రి పేరు, మహర్ మొత్తం దొరికాయి. ఆ పేరు ఇక్కడ రాయను. ముందు అది మా గోడ మీది షజ్రాలోకి ఎక్కాలి.

ఇది ఒక ఇంటి కన్నీటి కథ అని పక్కన పెట్టేవారికి చట్టం సంగతి చెప్పాలి. బంధుత్వం గురించి మరణించినవారు వివాదం పుట్టకముందు వంశవృక్షంలోగాని, సమాధిరాతి మీదగాని రాసివుంచిన మాట సాక్ష్యంగా స్వీకరించదగినదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం దానిని నిలుపుకున్నది. ముప్పై ఏళ్ళు నిండిన పత్రం ఉండవలసినవారి దగ్గరినుండి వస్తే, దానిలోని సంతకం, చేతిరాత నిజమైనవేనని న్యాయస్థానం భావించవచ్చు. ఉండవలసినవారి దగ్గర! మన పత్రాలు ఎవరి దగ్గర ఉన్నాయి? పాతకాగితాలవాని దగ్గర.

2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అన్న భావననే తొలగించింది. అంతకుముందే రిజిస్టరైనవి నిలుస్తాయి గాని, వివాదంలో పడినవాటికి, ప్రభుత్వ భూమి అన్నవాటికి ఆ రక్షణ లేదు. దస్తావేజు లేకుండా, కేవలం మన మృతులను మోసుకుపోయి పాతిపెట్టిన వాడుకతోనే ఖబరస్తాన్‌లైన నేలలు పల్లెపల్లెనా ఉన్నాయి. తరతరాల ఆచారాన్ని ఒక సవరణతో కొట్టివేయడం అన్యాయం. దానితో పోరాడవలసిందే. కాని పోరాటానికి వెళ్ళేవాడు, ఫలానా సంవత్సరం ఇక్కడ ఖననం జరిగిందని చెప్పే ఉత్తరాన్ని ఇంటి నుండి తానే బయట పారవేస్తే ఎట్లా? ఒక్క ఉత్తరం కేసు గెలిపించదు, నిజమే. చెట్టు, రాయి, ఉత్తరం, సియాహా ఒకే మాట చెప్పినప్పుడు మాత్రం కాదనడం కష్టం.

మా ఊరి ఖబరస్తాన్ కమిటీ పెద్దలను ఖననాల రిజిస్టరు అడిగాను. లేదన్నారు. పైగా నేల చదును చేయించే ఆలోచన కూడా ఉందట. “సమాధులకు గుర్తులెందుకు, అది దీన్‌లో లేదు” అన్నారొకరు. సమాధుల మీద కట్టడాలు వద్దన్నమాట సత్యం. అయితే ప్రవక్త (స) ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) ఖబర్ తలవైపు గుర్తుకోసం ఒక రాయి ఉంచారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది కదా! రాతి మీద అక్షరాలు వద్దనుకునేవారు అంకె వేయండి, పేరు రిజిస్టరులో రాయండి. స్త్రీలను ‘ఫలానావారి భార్య’ అని కాక వారి పేరుతో, తండ్రి పేరుతో రాయండి. ఖాజీ సియాహా నూరేళ్ళ కిందటే ఆ పని చేసింది, మనకేమి అడ్డం?

పెట్టెలున్న ఇళ్ళవారు ముందు వాటిని అటకపై చెద నుండి దింపండి. ప్రతి ఉత్తరాన్నీ రెండువైపులా ఫోటో తీయండి, కవరును పారవేయకండి. ముద్రలోని ఊరు, తేదీ దాని మీదే ఉంటాయి. ఉర్దూ చదవగల పెద్దలు మీ మొహల్లాలో ఇంకా ఒకరిద్దరు ఉంటారు. మా ఉత్తరాలు చదివిన ఉపాధ్యాయునికి ఎనభై దాటాయి, ఒక కంటికి శస్త్రచికిత్స అయింది. ఇంకా పదకొండు ఉత్తరాలు మిగిలి ఉన్నాయి.