తెల్లని ధరల దుకాణం

చంద్రగిరిలో నేను తెలుగు పాఠాలు చెప్పిన రోజులలో, ఊరంతా చౌకధరల దుకాణమనే ‘ఫెయిర్ ప్రైస్ షాపు’ను ఒక విద్యార్థి ‘తెల్లని ధరల దుకాణం’ అని అనువదించాడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ‘ఫెయిర్ అనగా తెల్లని’ అని వల్లె వేయించినది ఉపాధ్యాయులమే కదా!

మాటకొక్క అర్థం చొప్పున పట్టిక కట్టడం చదువు కాదు. అదే ‘ఫెయిర్’ థాకరే నవల ‘వానిటీ ఫెయిర్’ పేరులో సంత. తీర్పు పక్కన న్యాయం. షేక్‌స్పియర్ నాయిక పక్కన సౌందర్యం. వాక్యంలో నిలిచినప్పుడే పదం తన ముఖం చూపుతుంది. ఇది ఎరిగిన శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన ఇంగ్లీషు నిఘంటువులో కవుల, రచయితల వాక్యాలను ఉదాహరించాడు. మన కడపలో కొలువు చేసిన బ్రౌను దొర 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యప్రయోగాలు చూపాడు. పరదేశి మన పదాన్ని పద్యంలో వెదకి నేర్చుకొన్నాడు. మనము వాని పదాన్ని గైడులో బట్టీ పడుతున్నాము!

“పరీక్షల ముందు అంత తీరిక ఎక్కడిది?” అంటారు. పట్టికలో సగం పదాలు కొట్టివేయండి. మిగిలినవాటికి కథలలోని, నవలలలోని వాక్యాలు రెండేసి చూపండి. అర్థం పిల్లవాణ్ణే ఊహించి చెప్పనివ్వండి. వాడు తప్పినా ఆలోచించి తప్పుతాడు. కాదనేవారితో వాదానికి నేను సిద్ధం.