ఆటలో గానుగ చాకిరి

మా కళాశాల వార్షిక సంచికలో క్రీడలను గురించి ఏటేటా ఒక వ్యాసం రావడం ఆనవాయితీ. చెడుగుడు జట్టు గెలుపో, పరుగుపందెంలో మన విద్యార్థి తెచ్చిన పతకమో అందులో ప్రస్తావనకు వస్తుంది. ఈసారి మేము వ్రాయబోయే ఆటకు మైదానం లేదు, ఈల ఊదే మనిషి లేడు, చప్పట్లు కొట్టే ప్రేక్షకులు లేరు. అయినా మన విద్యార్థులలో అనేకులు ప్రతి రాత్రీ ఆడుతున్న ఆట అదే. దానిని గురించి పెద్దలమైన మనం తిట్టడమే ఎక్కువ, ఆలోచించడం తక్కువ. ఆలోచింపవలసిన విషయం అందులో ఒకటి ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

శ్రీకూర్మం, గార, కళింగపట్నం ప్రాంతాల నుండి వచ్చే మా విద్యార్థులు కొందరు చందాలు వేసుకొని ఒక సర్వర్‌ను అద్దెకు తీసుకొన్నారు. సర్వర్ అనగా ఎక్కడో దూరాన ఉండే ఒక కంప్యూటర్. అనేకులు తమ తమ ఫోన్ల నుండి దానిలో చేరి ఒకే లోకంలో కలిసి ఆడవచ్చు. వారు ఆడేది మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశంలో పుట్టి, 2011లో పూర్తి రూపంలో వెలువడిన ఈ ఆటలో మట్టి, రాయి, కలప దిమ్మెలను పేర్చి ఇండ్లూ ఊళ్ళూ కట్టుకొంటారు. మన పిల్లలు కూడా ఒక ఊరు కట్టి, దాని నడుమ కొన్ని చిన్న ఆటలు ఏర్పాటు చేసినారు. గోడల మీదుగా దూకే పందెం, విలువిద్య, కట్టడాల పోటీ, చేపలవేట. ఆడినవారికి నాణేలు వస్తాయి. ఆ నాణేలతో ఊరిలో ఇంటిస్థలం కొనుక్కోవచ్చు. ఆలోచన ముచ్చటైనదే.

చిక్కు ఎక్కడ వచ్చినదో వారే మాకు లెక్క కట్టి చూపినారు. చేపలవేటలో గాలం వేసి మీట నొక్కుతూ కూర్చుంటే ఇరవై నిమిషాలకు 300 నాణేలు వస్తాయి. కట్టడాల పోటీలో గంటసేపు బుర్ర పెట్టి ఒక మేడ కడితే వచ్చేవి సగటున 200. అంటే గంటకు ఒకచోట 900, మరొకచోట 200. కొద్ది వారాలలోనే విలువిద్య ఆవరణ పాడుపడినది, పందెపు గోడలు బోసిపోయినాయి. అందరూ చెరువు గట్టునే చేరినారు. నాణేలు వెల్లువెత్తేసరికి, స్థలాలన్నీ ఒక్కసారే అమ్ముడుపోతాయన్న భయంతో నిర్వాహకులు 2,000 నాణేల స్థలాన్ని 10,000 చేసినారు. దీని ఫలితం చూడండి. చేపలు పట్టేవానికి రెండు గంటల పైచిలుకు పని పదకొండు గంటలయినది. మేడలు కట్టేవానికి పది గంటల పని యాభై గంటలయినది. ఆటను ఆటగా ఆడినవాడే అందరికంటె వెనుకబడినాడు. మీట నొక్కినవాని నాణెం, నొక్కనివాని కష్టాన్ని కూడా చౌక చేసినది.

"ఏటి చేస్తాం మాస్టారూ, చేపలు పట్టకపోతే స్థలం రాదు కదండీ" అన్నాడు శ్రీకూర్మం నుండి వచ్చే విద్యార్థి ఒకడు. అతని తండ్రి నిజంగా సముద్రం మీదికి వేటకు వెళ్ళే మనిషి. "మా నాన్న వేటకు పోతే గాలి చూడాలి, నీటివాలు చూడాలి, ఎక్కడ వల దించాలో తెలియాలి. ఇందులో ఏమీ తెలియక్కర్లేదండీ" అని కూడా అతడే అన్నాడు. ఈ రెండు మాటలలో సమస్త విషయమూ ఉన్నదని మా నమ్మకం.

ఆడపిల్లలూ మగపిల్లలూ ఈ చాకిరిని 'గ్రైండ్' అంటారు. రుబ్బుడు అన్నమాట. తెలుగులో మనకు అంతకంటె మంచి పోలికే ఉన్నది: గానుగెద్దు. పొద్దస్తమానం నడుస్తుంది, ఎక్కడికీ చేరదు. ఉర్దూ శాఖలోని మా సహోద్యోగితో ఈ మాట అంటే, మెహనత్ వేరు, బేగార్ వేరు అన్నారు. మనం కష్టమనీ వెట్టి అనీ చెప్పే భేదమే అది.

మొదట మాకు తోచినది అందరికీ తోచేదే: మాన్పించాలి. కాని మాన్పించడం మన చేతిలోని పని కాదని కొద్ది రోజులకే తెలిసినది. అంతేకాక, తప్పు ఆటలో ఉన్నదా, ఆటకు కట్టిన కూలిలో ఉన్నదా అన్న ప్రశ్న మిగిలిపోయినది. కూలిలోనే ఉన్నదని మేము ఇప్పుడు భావిస్తున్నాము.

చేసినదే చేయడం తప్పు కాదు. మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయినది. అంతకు ముందు ఆమె అదే ఇనుపకడ్డీని ఎన్ని వేలసార్లు ఎత్తి దించి ఉంటుందో ఊహించవచ్చు. అది గానుగ కాదు. ఎత్తిన ప్రతిసారీ ఎత్తిన మనిషి కొంత మారుతుంది. చెరువు గట్టున మీట నొక్కేవాడు మొదటిసారి ఎటువంటివాడో వెయ్యవసారీ అటువంటివాడే. సాధనకూ చాకిరికీ గల భేదం ఇది. కాలం రెండింటా ఖర్చవుతుంది; మనిషి ఒకదానిలోనే పెరుగుతాడు.

బహుమానం పెంచితే ఉత్సాహం పెరుగుతుందని మనం సులభంగా నమ్ముతాము. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అను ముగ్గురు మనస్తత్త్వవేత్తలు చిన్నపిల్లల మీద చేసి 1973లో ప్రకటించిన ప్రయోగం వేరు సంగతి చెబుతున్నది. బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లలలో కొందరికి, వేస్తే బహుమతి ఇస్తామని ముందుగా చెప్పి ఇచ్చినారు. కొన్నాళ్ళ తరువాత చూస్తే, ఆశ చూపిన పిల్లలే తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గించినారు. ఇష్టంతో చేసే పనికి కూలి కడితే అది కూలిపని అవుతుంది. కనుక నాణేలు మరిన్ని కురిపించడం మందు కాదు. ఆడాలనే కోరికకు అడ్డు రానంతగా వాటిని సర్దడమే మందు.

పెద్ద కంపెనీలు కూడా ఈ సర్దుబాటులో తడబడినాయి. 2017 నవంబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ రెండవ ఆటను విడుదల చేసినప్పుడు, అందులోని ప్రధాన వీరుడు ఒక్కొక్కని వెల 60,000 అంకాలు. ఒక వీరుని కొరకు సుమారు 40 గంటలు ఆడవలసి వస్తుందని ఆటగాళ్ళు లెక్క కట్టి మండిపడితే, సంస్థ వెలను నాలుగవ వంతుకు, 15,000కు తగ్గించినది. అయితే కథాభాగం ముగిస్తే వచ్చే బహుమానాన్ని కూడా అదే ఊపులో 20,000 నుండి 5,000 చేసినది. ఒక చేత ఇచ్చి మరొక చేత పుచ్చుకోవడమంటే ఇదే. వెలా ఆదాయమూ కలిపి చూడక, ఏదో ఒకదానిని చూచి సంతోషించరాదన్నది ఇందులోని పాఠం.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట కథ మరింత సొగసైనది. 2004లో అది వెలువడక ముందు, పరీక్షార్థం ఆడించినప్పుడు, గంటల తరబడి ఆడేవారికి వచ్చే అంకాలను సగానికి తగ్గించే నియమం పెట్టినారు. ఆటగాళ్ళకు కోపం వచ్చినది. నిర్మాతలు లెక్కను దాదాపు అట్లే ఉంచి మాట మార్చినారు: విశ్రాంతి తీసుకొని వచ్చినవారికి రెట్టింపు, తక్కినవారికి మామూలు. కోపం చల్లారినది. శిక్షగా తోచినది కానుకగా మారినది. మితంగా ఆడమని చెప్పడానికి కూడా ఒక మర్యాద ఉన్నదన్నమాట.

ఇంత దూరం పోనక్కర లేదు. మన అవ్వలు అరుగుల మీద ఆడిన అష్టాచెమ్మా చాలు. నాలుగు గవ్వలు వేసి చెమ్మ పడినా అష్ట పడినా మరొక పందెం వేసుకోవచ్చు. కాని వరుసగా మూడుసార్లు పడితే అవి చెల్లవని అనేక ఊళ్ళలో కట్టుబాటు. అదృష్టం ఒకనినే వరించకుండా వేసిన పగ్గం అది. ఎదుటివాని కాయనొక్కటైనా కొట్టనిదే లోపలి గళ్ళలోకి పోరాదన్నది మరొక నియమం. పక్కగా నడిచిపోయి గెలవడం కుదరదు, ఆడి తీరవలె. అడ్డగీతలు గీసిన గళ్ళలో ఉన్న కాయను ఎవరూ కొట్టరాదు. వెనుకబడినవానికి నిలువనీడ అది. ఈ నియమాలను వ్రాసినవారి పేరు ఎవరికీ తెలియదు. తరతరాల ఆటగాళ్ళు ఆడి ఆడి సరిదిద్దినారు.

మా విద్యార్థులు అడిగినందున మాకు తోచిన సూచనలు కొన్ని చెప్పినాము. ప్రతి చిన్న ఆటా గంటకు ఎన్ని నాణేలు ఇస్తున్నదో ముందుగా లెక్క వేయండి. ఆ అంకెలు ఇంచుమించు సమంగా ఉండవలె. తేడా ఉంటే, తెలివీ సాహసమూ కోరే ఆటవైపే మొగ్గవలె. ఒకే ఆట రోజులో ఎన్నిసార్లయినా ఆడవచ్చు గాని, మూడు ఆవృత్తుల తరువాత ప్రతిఫలం సగం, ఆపైన పావు. ఆ రోజు తొలిసారి ఆడిన ప్రతి ఆటకూ రెట్టింపు. అప్పుడు చెరువు గట్టున ఉన్నవాడు తానే లేచి విలువిద్య ఆవరణకు పోతాడు. మొదటి ఇంటిస్థలం క్రొత్తగా వచ్చినవానికి కూడా అందే వెలకు ఇవ్వండి. రెండవ స్థలానికీ మూడవదానికీ వెల పెంచుకొనండి. నిలువ ఉండడానికి చోటు అందరి హక్కు, మేడ మీద మేడ కోరిక మాత్రమే.

పరిమితి పెట్టడం దౌర్జన్యమని ఒకరిద్దరు అన్నారు. వేటగాని కొడుకే వారికి బదులు చెప్పినాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధం ఉన్నది కదా. చేపలు గ్రుడ్లు పెట్టి పెరగడానికే కదా అన్నాడు. నిజమైన సముద్రానికే హద్దు అవసరమయినప్పుడు, కల్పిత చెరువుకు అక్కరలేదా?

ఇంకొక నియమాన్ని గురించి మేము గట్టిగానే మాట్లాడవలసి వచ్చినది. ముప్పది రోజులు ఎడతెగకుండా వస్తే పెద్ద బహుమానం, ఒక్కరోజు తప్పితే లెక్క మళ్ళీ ఒకటి నుండి. రంజాను మాసంలో తరావీహ్ నమాజు ముగించుకొని ఇంటికి వచ్చి, అలసిన కళ్ళతో, అర్ధరాత్రి దాటక ముందే హాజరు వేయించుకోవడానికి ఫోను పట్టుకొన్న విద్యార్థిని మేము ఎరుగుదుము. ఫాల్గుణ పూర్ణిమకు శ్రీకూర్మంలో డోలోత్సవం. ఇంటినిండా చుట్టాలు దిగగా, ఇరవై ఆరవ రోజున లెక్క పోగొట్టుకొని దిగులుపడినవానినీ ఎరుగుదుము. రాకపోవడాన్ని శిక్షించే నియమం, మనిషికి మరొకచోట ఉన్న విలువైన పనినే శిక్షిస్తుంది. నమాజు కావచ్చు, ఉత్సవం కావచ్చు, తల్లికి జ్వరం కావచ్చు. ఎడతెగని ముప్పది రోజులు కాక, వీలైన ఏ ఇరవై రోజులైనా చాలునని మార్చుకొనండి అన్నాము. ఇంటిలో ఒక్క ఫోను ఉండి, దానిని చెల్లెలితో పంచుకొనే కుర్రవానికి ఇది న్యాయం. చాకిరి అనేది తీరిక లేనివారి మీద పడే పన్ను.

మరొక మాట. నాణేలను రూపాయలకు అమ్ముకొందామన్న ఆలోచన నిర్వాహకులలో పొడసూపినది. దానికి మాత్రం ససేమిరా వద్దన్నాము. చెల్లించినవానికి ఆటలో పైచేయి ఇచ్చే అమ్మకాలు కూడదని మైన్‌క్రాఫ్ట్ యజమానులైన మొజాంగ్ సంస్థ 2014లోనే సర్వర్లవారికి స్పష్టం చేసినది. మన రాష్ట్రం 2020లో చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఒకవైపు, వినోదపు ఆటలనూ ఈ-స్పోర్ట్స్‌నూ మరొకవైపు ఉంచినది. పిల్లల ఊరు ఆ గీతకు ఇవతలే ఉండవలె.

ఇన్నాళ్ళు రాత్రులు మేలుకొని సంపాదించినవారి గోడు కూడా వినదగినదే. నియమాలు మారితే మా కష్టం ఏమి కావాలి అని వారడిగినారు. సంపాదించినది సంపాదించినట్లే ఉండవలె. ఎవరి స్థలమూ తిరిగి తీసుకోరాదు. కాని మనం పడినామని వెనుకవచ్చేవారూ పడవలెనన్నది న్యాయం కాదు. శ్రీకూర్మం పేరు వింటేనే గుర్తుకు వచ్చే సముద్రమథన కథలో త్రాడు లాగినవారు అందరూ. తగవు వచ్చినది పంపకం దగ్గర. ఆనాటి నుండి నేటి వరకు పంపకమే చిక్కు.

వారికి ఇన్ని చెప్పి ఇంటికి వచ్చిన తరువాత మా మనస్సు మమ్మల్నే ఒక ప్రశ్న అడిగినది. తప్పు వ్రాసిన పద్యాన్ని పదిసార్లు వ్రాయించినది మేము కామా? ఒకరి రికార్డు చూచి మరొకరు నింపిన పుటలకు సంతకం పెట్టి మార్కులు వేసినది మనం కాదా? బుర్ర పెట్టి సొంతంగా నాలుగు వాక్యాలు వ్రాసినవానికంటె, చూచివ్రాతలో నలభై పుటలు నింపినవానికి ఎక్కువ ఇచ్చినప్పుడు, తరగతి గదిలో చెరువు గట్టు త్రవ్వినది మనమే. అక్కడ నేర్చినదే వారు ఫోనులో ఆడుతున్నారేమో.

విద్యార్థులు తమ ఊరిని సరిదిద్దుకొనే పనిలో ఉన్నారు. ఒక్కొక్క నియమాన్నే మార్చి, రెండు వారాలు చూచి, అందరి మాటా విని, ఆపైన మరొకటి మారుస్తామన్నారు. ఆ ఓపిక మెచ్చదగినది. మేమూ ఈ ఏడు మా తరగతిలో పదిసార్లు వ్రాయించడం మానినాము. తప్పు ఎందుకు తప్పయినదో ఒక్కసారి వ్రాసి తెమ్మంటున్నాము. తోటి అధ్యాపకులు కూడా తమ తమ తరగతులలో ఈ లెక్క ఒకసారి వేసి చూడవలెనని మా మనవి.